రేకు మీద పారాణి

మూడో రోజు కూడా కన్యాకుమారి అన్నం ముట్టలేదు.

ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని అలిగినా ఒక పద్ధతిగా ఉండేది. ఆవిడ పెరటి షెడ్డులోకి ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఒకప్పుడు తామే తిప్పిన పాత బస్సు ఎడమ పక్కకి ఎదురుగా కూర్చుంది. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు మాట వినవు. పొద్దున్నే స్నానం కాగానే వచ్చి కూర్చుంటే మళ్ళీ దీపాల వేళకే లేవడం. దుకాణానికి బియ్యం కోసం వచ్చినవాళ్ళు కూడా పక్క సందులోంచి తొంగి చూసి పోతున్నారు. రాజాంలో పెద్ద వర్తకుల ఇంట్లో గొడవంటే చూసేవాళ్ళకి కొదవా?

"కాఫీ అయినా తాగండత్తయ్యా" అంటూ కోడలు అనూరాధ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"అక్కడ పెట్టు."

"పెడితే నిన్నట్లాగే చల్లారిపోతాది."

"మీ మావయ్య తాగేరా?"

"తాగేరు."

"టిఫినో?"

అనూరాధ చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించింది. "రెండిడ్లీలు తిన్నారు."

"బాగుంది. నిజం కడుపులో పెట్టుకున్నా ఇడ్లీలకి చోటున్నాదన్నమాట."

అనూరాధకి నవ్వొచ్చింది. నవ్వే సందర్భం కాదు కాబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ తన చూపు బస్సు రేకు మీద పడగానే నవ్వు దానంతటదే పోయింది.

రేకు మీద రెండు చేతుల అచ్చులున్నాయి. తలుపు నుంచి రెండో కిటికీ కింద, ఆడమనిషి నిలబడి ముందుకు చాపితే అందే ఎత్తులో, పది వేళ్ళూ విడివిడిగా. బస్సుకి కిటికీల కింద నుంచి చుట్టూ అల్యూమినియం రేకే. దాని మీద యాభై ఏళ్ళుగా పేరుకున్న ఐదు పూతల రంగుని మొన్న ఊడదీస్తే అవి బయటపడ్డాయి. మరకలే, తుడిస్తే పోతాయనుకున్నారు. నీళ్ళతో కడిగారు, చింతపండు పులుసుతో తోమారు. చుట్టూ ఉన్న రేకు అద్దంలా తేలింది. దాంతో ఆ చేతులు మునుపటికంటే నల్లగా కనిపిస్తున్నాయి. ఎంత తుడిస్తే అంత దగ్గరకు వస్తున్నట్టున్నాయని నిన్న అనూరాధ తన పుట్టింటికి ఫోన్ చేసి చెప్పింది. చెప్పాక తనకే భయమేసి, సాయంత్రం నుంచి పెరట్లోకి ఒంటరిగా రావడం మానేసింది.

షెడ్డు గుమ్మంలో ప్రమోద్ చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, నాలుగింటికి విజయనగరం నుంచి ఫంక్షన్ హాలు వాళ్ళు వస్తన్నారు. పెళ్ళి ఫొటోలకి మన బస్సు ఖాయం చేసుకుంటామన్నారు. రెండు నెలలు తిరిగేను వాళ్ళ చుట్టూ."

"రానీ. మర్యాద చెయ్యండి."

"వచ్చి ఏటి చూస్తారు? కొత్త పెళ్ళికూతుర్ని నిలబెట్టి ఫొటో తీస్తే వెనకాల దెయ్యం చేతులు చూస్తారా?"

"ప్రమోద్!"

ఆ గొంతు వాడు చిన్నప్పుడు విన్నదే, మళ్ళీ ఇన్నేళ్ళకి విన్నాడు. ఆగిపోయాడు.

"ఆ మాట ఇంకోసారి అనకు. పారాణి పూసుకుని వేసిన చేతులవి. ఎవరో ఒక ఆడకూతురు ముచ్చటపడి వేసినవి. దెయ్యమేటి?"

"మరి ఎవరివో నాన్నని అడిగేవు. తెలీదన్నారు. అయిపోనాది కదా?"

"మీ నాన్నకి తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నలభై ఏడేళ్ళు కాపురం చేసేను కాబట్టి తెలుసు. తెలీని సంగతి అడిగితే ఆయన విసుక్కుంటారు. మొన్న విసుక్కోలేదు. తాళాల గుత్తి తీసుకుని లేచి వెళ్ళిపోయేరు." కన్యాకుమారి కుర్చీ చేతుల మీద ఆనుకుని కొంచెం ముందుకు వంగింది. "ఆ చేతులు ఎవరివో ఆయన నోటితో చెప్పేదాకా ఆ రేకు మీద మిషన్ పెట్టడానికి వీల్లేదు. చెరిపేసేక ఇంక ఏది చూపించి అడుగుతాను నేను?"

ప్రమోద్ వాచీ చూసుకున్నాడు. వాడికి తల్లి కంటే టైము ముందు కనబడుతుంది. మంచివాడే, వ్యాపారం చేసేవాడి మంచితనం అలాగే ఉంటుంది.

బస్సు అవతలి పక్క నుంచి నూకయ్య వచ్చాడు. బొబ్బిలి మనిషి, డెబ్బై దాటాయి. కుర్రతనంలో విజయనగరంలో బస్సులకి బాడీలు కట్టే షెడ్డులో పనిచేసినవాడు. అల్యూమినియం రేకు సంగతి తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదని ప్రమోద్ వెతికి పట్టుకొచ్చాడు. ఇనప పార తగిలితే రేకు గీసుకుపోతుందని వెదురుబద్ద చెక్కుకుని దాంతోనే రంగు ఊడదీశాడు. తర్వాత ఎవరో తెలిసీ తెలియక కొట్టిన ఇనప మేకులన్నీ పీకేసి, వాటి చుట్టూ పట్టిన తెల్లటి పొడి దులిపి, అల్యూమినియం రివెట్లే మళ్ళీ కొట్టాడు. పని చూస్తే ముచ్చటేసేది. ఆ చేతులే లేకపోతే ఈపాటికి అందరూ నూకయ్యని మెచ్చుకుంటూ ఉండేవారు.

"నూకయ్యా, నువ్వు చెప్పు. ఇవి పోతాయా పోవా?" అన్నాడు ప్రమోద్.

"మరకైతే పోవును బావూ. ఇది మరక కాదు. పారాణిలో సున్నం ఉంతాది కదా. గోడ మీదైతే ఏటీ కాదు. ఇది వొట్టి రేకు. సున్నం తినీసింది. సెయ్యెట్టి సూడండి, గుంటలున్నాయి."

ప్రమోద్ చెయ్యి పెట్టి చూడలేదు.

"మిషనుకి గరుకు బిళ్ళ తగిలించి అరగదీస్తే?"

"పోతాయి. రేకు సగం పలసబడతాది. అక్కడ కొంచెం పల్లం తెలుస్తాది. ఫొటోలో తెలీదులెండి."

"అంతే కదా! అయితే కానీ."

"సావుకారమ్మ వొద్దంతన్నారు కదా బావూ."

"అమ్మకి నేను చెప్పుకుంటాను. నువ్వు మిషన్ రెడీ చేసుకో." ప్రమోద్ గుమ్మం దాటుతూ అనూరాధని కూడా రమ్మని సైగ చేశాడు. ఆమె కాఫీ గ్లాసు బస్సు మెట్టు మీద పెట్టి వెళ్ళింది.

నూకయ్యా, కన్యాకుమారీ మిగిలారు. నూకయ్య మిషన్ వైరు చిక్కు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"పోవని మొదటి రోజే చెప్పేవు కదూ నూకయ్యా. పులుసు పెట్టక ముందే చెప్పేవు."

"సెప్పినానమ్మా."

"ఎలా తెలిసింది?"

"అప్పుడే పోనేదు కదమ్మా. ఇన్నేళ్ళకి ఎక్కడ పోతాయి?"

"ఎప్పుడు?"

"మొదటి రంగు ఎట్టినప్పుడు. ఎట్టింది నానే కదా." నూకయ్య తలెత్తలేదు. అతనికి ఇది పాత ముచ్చట, అంతే. "బండి కొత్తది. మెరుపు సూసి జనం నిలబడిపోయీవోరు. ఎందుకో మరి, పెద్ద సావుకారు, అదే, మీ మావగారు, బండి మా షెడ్డుకి తెచ్చి రేకంతా రంగేసీమన్నారు. ఈ సేతులు సూసి నాను రోజంతా తోమినాను. పోనేదు. ఎవరివి బావూ అనడిగితే, కొత్త కోడలివిలే, రంగెయ్యి అన్నారు. ఒక్క రోజులో అయిపోవాలన్నారు. మా అప్ప పెళ్ళి, ఒక్క పూట సెలవిమ్మన్నా ఇవ్వనేదు. అందుకే గేపకం."

"మీ అప్ప పెళ్ళి ఏ నెల?"

"మాగమాసం. బీష్మ ఏకాదశి ఎల్లిన మర్నాడు."

కన్యాకుమారి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"నూకయ్యా, నా పెళ్ళి ఆ మాఘం వెళ్ళేకే. వైశాఖంలో."

వైరు విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. నూకయ్య ఆవిడ మొహం చూశాడు, రేకు చూశాడు. మూడు నెలల తేడా అతనికి అప్పుడు అర్థమైంది.

"నాను మీ సేతులే అనుకున్నానమ్మా" అన్నాడు. "ఇన్నేళ్ళూ మీయే అనుకున్నాను."

పెళ్ళినాడు ఆవిడ పారాణి చేతులు పడింది ఇంటి గోడ మీద. కన్యాకుమారికి ఆ రోజు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది. బరంపురం నుంచి పెళ్ళివారంతా ఈ బస్సులోనే వచ్చారు. ఇంటి ముందు దిగాక ముత్తైదువలు పారాణి పళ్ళెం పట్టుకున్నారు. ఈ ఇంట్లో కొత్త కోడలు బస్సు మీద చేతులు వెయ్యాలట కదా అని ఎవరో అన్నారు. అత్తగారు వెంటనే, "బస్సుకి రంగేసేం, పచ్చిగా ఉన్నాది. గోడ మీద వెయ్యమ్మా" అంది. వేసింది. వచ్చే ఏడు వెల్లవేస్తే అవి పోయాయి. వైశాఖపు ఎండలో, మాఘంలో వేసిన రంగు ఇంకా పచ్చిగా ఎలా ఉంటుందని అడగడానికి పదిహేడేళ్ళ కొత్త కోడలికి ఏం తెలుస్తుంది?

అడిగింది ఇంకొకటుంది. ఆ మొదటి ఏడు ఆయుధపూజ నాడు అత్తగారు ఆమె చేత బస్సుకి పసుపు కుంకుమ పెట్టించింది. ఇంజను దగ్గర కాదు, చక్రాల దగ్గర కాదు, సరిగ్గా రెండో కిటికీ కింద. ముందు చీర, గాజులు, ఒక దువ్వెన, చిన్న అద్దం పెట్టించింది.

"బస్సుకి దువ్వెనెందుకత్తయ్యా?" అనడిగింది నవ్వుతూ.

"మనింటి లక్ష్మి కదే. ఆడపిల్లే" అంది అత్తగారు. నవ్వలేదు.

నలభై ఏడు దసరాలు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ముత్తైదువగా పోయిన ఇంటి కోడల్ని పేరంటాలంటారు, ఏటా చీరా పసుపు కుంకుమలూ పెట్టి పూజిస్తారు. దువ్వెన, అద్దం ఎవరికి పెడతారో కన్యాకుమారికి తెలియక కాదు. బస్సుకి కూడా పెడతారేమోననుకుంది. ఇంటి ఆచారం అన్నారు, చేసింది. ఎవరికి పెడుతున్నావే అని తనని తాను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడిగింది. ఆ రెండు చేతులూ ఐదు పూతల కింద నుంచి ఇన్నేళ్ళూ తన బొట్టు తీసుకున్నాయి.

కుర్చీ లోంచి లేచింది.

"నేను వచ్చేదాకా మిషన్ పెట్టకు నూకయ్యా."

"నానెట్టనమ్మా. సిన్న సావుకారు వొచ్చి పెట్టీమంటే మరి..."

"నేను వచ్చేదాకా" అంది మళ్ళీ.

షెడ్డుకి ఆనుకుని చిన్న గది ఉంది. బస్సు తిరిగే రోజుల్లో టిక్కెట్ల గది. ఇప్పుడు అందులో ఒక చెక్క బల్ల, ఒక ఫ్యాను, నగరేశ్వరరావు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి మూడు రోజులుగా అక్కడే ఉంటున్నాడు. భార్య షెడ్డులో, భర్త పక్క గదిలో, మధ్య ఒక ఇటుక గోడ. ఈ ఇంట్లో అందరూ ఒకరికొకరు వినబడేంత దగ్గరగానే ఉంటారు. మాట్లాడుకోవడమే ఉండదు.

ఆయన చేతిలో తాళాల గుత్తి ఉంది. గుత్తికి ఒక ఇత్తడి విజిలుంది. కుర్రతనంలో సొంత బస్సుకి తనే కండక్టరుగా వెళ్ళేవాడట, అప్పటిది. ఆ సరదా ఇంకా పోలేదని ఇంట్లో అందరూ ఎగతాళి చేసేవారు. బొటనవేలితో దాన్ని రుద్దుతూ ఉన్నాడు.

కన్యాకుమారి బల్ల మీద అటు చివర కూర్చుంది.

"ఎవరివని అడగను" అంది. "ఆ అడగడం మానేసేను. తిథి చెప్పండి, చాలు."

"ఏ తిథి?"

"ఆవిడ పోయిన తిథి."

విజిల్ రుద్దడం ఆగింది.

"నూకయ్య చెప్పేడు, మాఘంలో రంగు వేసేడట. నేను వైశాఖంలో వచ్చేను. నాకంటే ముందు ఒక కోడలు వచ్చింది, పోయింది. మీ అమ్మ నాచేత ఆవిడకే పసుపు కుంకాలు పెట్టించింది. నాకు కోపం లేదు. ఉన్నాది, అబద్ధమెందుకు? కానీ అది తర్వాత. తెలీక నలభై ఏడేళ్ళు ఆయుధపూజకి పెట్టేను. తెలిసేక కూడా తిథి తప్పించి పెడితే పాపం నాది. ఏ నెల? ఏ పక్షం?"

ఆయన ఫ్యాను వంక చూశాడు, నేల వంక చూశాడు.

"తిథి లేదు."

"మర్చిపోయేరా?"

"మర్చిపోలేదు. లేదు."

"పోయిన మనిషికి తిథి ఎందుకుండదండీ?"

ఆయన గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే తిప్పాడు. అప్పుడు కన్యాకుమారికి అర్థమైంది.

"పోలేదా?"

"దిగిపోయింది" అన్నాడు.

ఆ తర్వాత చెప్పడం ఆయనకి కొంచెం తేలికైనట్టుంది. వరసగా చెప్పుకుపోయాడు, ఎవరో మూడో మనిషి సంగతిలా.

"కార్తీకంలో పెళ్ళి. బస్సు కొత్తది. సరదాపడి రేకు మీద చేతులు వేసింది. వారం తిరక్కుండా బస్సు కాలవలో పడ్డాది. నాన్న కాలు విరిగింది. అమ్మ ఒకటే మాట, ఆ పిల్ల చేతులు మన బండికి అచ్చిరాలేదని. తినేటప్పుడు అదే మాట, పడుకునేటప్పుడు అదే మాట. పుష్యంలో పుట్టింటికి దిగబెట్టి రమ్మన్నారు. వాళ్ళది విజయనగరం. అదే బస్సు. టిక్కెట్లు నేనే కొడుతున్నాను. చీపురుపల్లి స్టేషన్ దగ్గర బస్సు ఆగింది. ఆమె లేచి దిగిపోయింది. పెట్టె కూడా తీసుకోలేదు. దిగి నా వైపు చూసింది."

"మీరేటి చేసేరు?"

గుత్తి కొంచెం పైకెత్తాడు. విజిల్ ఊగింది.

"ఊదేను."

"ఊదేరా?"

"బస్సు నిండా జనం. అందరూ చూస్తన్నారు. దిగి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. నాకు సిగ్గేసింది. విజిల్ ఊదేను. బస్సు కదిలిపోయింది. ఆమె అక్కడే నిలబడి ఉన్నాది, కనిపించినంతసేపూ."

కన్యాకుమారి కళ్ళు మూసుకుంది. ఆయన మీద జాలి పడాలా, ఆయన్ని అసహ్యించుకోవాలా తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఊళ్ళో పోయిందని చెప్పేరు" అంది.

"అమ్మ చెప్పింది. జ్వరమొచ్చి పుట్టింట్లో పోయిందంది. వాళ్ళూ పరువుకి భయపడి నోరు మెదపలేదు. రంగేయించేరు. నిన్ను బరంపురం నుంచి తెచ్చేరు."

"అంత దూరం ఎందుకొచ్చేరా సంబంధానికి అని మా నాన్న ఎంత మురిసిపోయేడో!" ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విని నగరేశ్వరరావు తల దించుకున్నాడు. "బతికున్న మనిషికి నాచేత పేరంటం పెట్టించేరు. నా చేత్తో ఏటా చంపించేరు ఆవిణ్ణి. అత్తయ్య సరే. మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"పక్కనే నిలబడి కొబ్బరికాయ కొట్టేవారు."

"అవును."

అవును అనడం తప్ప ఇంకేం అనగలడు? పెరట్లో నూకయ్య దగ్గు వినిపించింది. ఎవరో షెడ్డులోకి నడిచిన చెప్పుల చప్పుడు కూడా. కన్యాకుమారి అది పట్టించుకోలేదు. ఆవిడకి ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆ చీర ఎవరో ముత్తైదువకి ఇచ్చేసేవారు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి మీరే పట్టుకెళ్తన్నారు. విజయనగరం, పైడితల్లమ్మ గుడికి."

ఆయన గోడ వైపు తిరిగాడు.

"గుడికేనా?"

"కాదు."

"ఎక్కడున్నాది?"

"కోట వెనక సందులో. జాకెట్లు కుట్టేది. అమ్మ పోయేక వెతుక్కుంటూ వెళ్ళేను. తలుపు తీసింది. పొమ్మంటాదనుకున్నాను. అనలేదు."

"ఏటి మాట్లాడుకునేవారు?"

"ఏటీ లేదు. చీర తీసుకునేది. మంచినీళ్ళిచ్చేది. బస్సెలా ఉన్నాదని అడిగేది."

"బస్సా?"

"అదొక్కటే. ఏటా అదే. షెడ్డులో ఉన్నాదని చెప్పేవాణ్ణి. సరే అనేది."

"నా గురించి అడిగేదా?"

"లేదు."

"పిల్లల గురించి?"

"లేదు కన్యా."

అంత సేపట్లో ఆయన ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం అదే. చెయ్యవలసినది ఒకటి ఆవిడకి కనబడింది, అది కనబడ్డాక కొంచెం ఊపిరాడింది.

"దసరాకి మూడు వారాలుంది. ఈ ఏడు బస్సు ముందు ఏటీ పెట్టను. చీర నేనే కొంటాను. ఇద్దరం వెళ్దాం. నా చేత్తో ఇస్తాను. బతికున్న ఆడకూతురికి బొట్టు పెట్టి ఇస్తాను. తిడితే పడతాను. నా తప్పు లేకపోయినా పడతాను."

"కుదరదు."

"ఎందుకు? నేనొస్తే మీకు సిగ్గా ఇంకా?"

నగరేశ్వరరావు తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. విజిల్ చెక్కకి తగిలి చిన్న చప్పుడైంది.

"శ్రావణ బహుళ ఏకాదశి" అన్నాడు.

"ఏటది?"

"తిథి అడిగేవు కదా."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కన్యాకుమారి మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. ఇరవై రెండు రోజులు. ఆ రోజు గుర్తుంది, బాగా గుర్తుంది. మిట్టమధ్యాహ్నం ఫోనొచ్చింది. బియ్యం బేరం అనుకుంది. కాసేపటికి ఆయన పెరట్లో కుళాయి కింద, కట్టుకున్న పంచెతోనే, తల మీంచి నీళ్ళు పోసుకుంటున్నాడు. "ఈ వయసులో ఇదేం పిచ్చండీ, జలుబు చేస్తే ఎవరు చూస్తారు!" అని తను వంటింట్లోంచి అరిచింది. ఉక్కగా ఉన్నాది అన్నాడు. తువ్వాలు విసిరింది. ఒక్కడే మైల స్నానం చేశాడు. తను చూస్తూ కేకలేసింది.

"వెళ్ళేరా?"

"లేదు."

"చివరి చూపుకి కూడా వెళ్ళలేదా మీరు?"

"తమ్ముడి కొడుకున్నాడు. వాడే చేసేడు. నేను వెళ్ళి ఏమని నిలబడతాను?"

రెండోసారి కూడా దిగలేదన్నమాట ఈ మనిషి. ఆ మాట కన్యాకుమారి పైకి అనలేదు. అనే లోపు గోడ అవతల మిషన్ మోగింది.

ఆవిడ లేచింది. మోకాళ్ళ సంగతి మోకాళ్ళకే గుర్తులేదు. చెప్పులు లేకుండా పెరట్లో రాళ్ళ మీంచి, వైర్ల మీంచి నడిచింది. షెడ్డులో ప్రమోద్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నూకయ్య రెండు చేతులతో మిషన్ పట్టుకుని, ముందుకి వెళ్ళాలా వద్దా అన్నట్టు రేకుకి మూరెడు దూరంలో ఆగి ఉన్నాడు. గరుకు బిళ్ళ గిర్రున తిరుగుతోంది.

"అమ్మా, అడ్డం రాకు. పది నిమిషాల పని!" ప్రమోద్ అరిచాడు.

ఆవిడ వాళ్ళిద్దరి మధ్య నుంచి వెళ్ళి రేకు ముందు నిలబడింది. మూడు రోజులు చూస్తూ కూర్చుందే గాని ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇప్పుడు రెండు చేతులూ చాపి, ఆ రెండు చేతుల మీద పెట్టింది. నూకయ్య చెప్పినట్టు లోపల సన్నటి గరుకు తగిలింది. చిన్న చేతులు. చిన్నపిల్ల చేతులు. కీళ్ళనొప్పులతో లావెక్కిన తన వేళ్ళ కింద అవి పూర్తిగా దాగిపోయాయి.

"సెయ్యి తియ్యండమ్మా, తగులుతాది" అన్నాడు నూకయ్య.

తియ్యలేదు. నూకయ్య మిషన్ ఆపేశాడు. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"అమ్మా, ఏటిది? వాళ్ళు దార్లో ఉన్నారు!"

"పని ఆపమను. ఇంట్లో మైల."

"మైలేటి? ఎవరు పోయేరు?"

"పోయి ఇరవై రెండు రోజులయింది. ఇవాళ విన్నాను. ఇవాళ్టి నుంచి మైల."

"అదే, ఎవరు?"

"మీ పెద్దమ్మ."

ప్రమోద్ తల్లి వీపు వంక వెర్రిగా చూశాడు. మూడు రోజులు తిండి లేక మతి చలించిందనుకున్నాడు కాబోలు, గొంతు తగ్గించాడు. "నాకు పెద్దమ్మ ఎవరమ్మా? నీకు అప్పచెల్లెళ్ళే లేరు కదా."

"మీ నాన్నని అడుగు."

ప్రమోద్ వెనక్కి తిరిగాడు. షెడ్డు గుమ్మంలో నగరేశ్వరరావు నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. తాళాల గుత్తి లోపలే వదిలేసి వచ్చాడు.

"పేరు కూడా ఆయన్నే చెప్పమను" అంది కన్యాకుమారి రేకు వైపే చూస్తూ. "నాకింకా చెప్పలేదు."

నగరేశ్వరరావు గుమ్మం పట్టుకున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నలభై ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ పలకని పేరు అది.

"వరహాలు" అన్నాడు.

కన్యాకుమారి చేతుల కింద రేకు చల్లగా ఉంది. వీధిలో కారు హారన్ మోగింది. విజయనగరం వాళ్ళు వచ్చేశారు.